పావు వెంట్రుక

మార్చి 9

ఏమోయ్ కొలబద్దా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి మళ్ళీ సొరుగులో పెట్టేశాను. మూడోసారి తీసేసరికి మీ అక్క చూసి, ఆ కాగితంతో అంతసేపు దోబూచులాడే బదులు ఉల్లిపాయలు తరిగిపెట్టొచ్చుగా అంది. ఉల్లిపాయల కంటే నువ్వే నయమనిపించి కూర్చున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. నలభై ఏళ్ళు లేత్ మిషను పక్కన నిలబడ్డ చెవులివి. ఫోనులో నువ్వు నీళ్ళు నమిలినా నాకు తెలియదు. కాగితం మీదైతే తెలుస్తుంది.

నిన్ను కొలబద్ద అని పిలిచి చాలాకాలమైంది. వర్క్‌షాపులో నీకు ఆ పేరు పెట్టింది నేనే. తనిఖీ గదిలో తెల్లకోటు వేసుకుని కూర్చుని, మేం లేత్ మీద ఒళ్ళు హూనం చేసుకుని తయారుచేసినదాన్ని కొలిచి, బాగుంటే పచ్చచీటీ, తేడా వస్తే ఎర్రచీటీ తీగతో కట్టేవాడివి. ఎర్రచీటీ అయితే నీకొక పద్ధతి ఉండేది. చేసినవాణ్ణి పిలిచి, గేజి వాడి చేతికే ఇచ్చి, నీ చేత్తో నువ్వే కొలుచుకో అనేవాడివి. అందుకే ఎర్రచీటీ పడ్డవాడు కూడా నిన్ను తిట్టుకునేవాడు కాదు. బావనని నన్నూ వదల్లేదు నువ్వు. ఒకసారి నా చేతికీ గేజి ఇచ్చావు. ఆ రోజు ఇంటికొచ్చి మీ అక్కతో నీ గురించి గొప్పగా చెప్పాను.

సరే, అసలు సంగతికి వస్తాను. రావడానికి కాస్త దారి ఉంది, ఓపిక పట్టు.

మొన్న ఆదివారం అల్లుడు వ్యాను మాట్లాడాడు. పళ్ళ డాక్టరు కదా, వారమంతా జనం నోళ్ళు తెరిపించే పని, ఆదివారం ఒక్కరోజు ఎవరూ నోరు తెరవకపోతే బాగుండునని పాపం ఆయన ఆశ. మా ఇంటి పిల్లని చేసుకున్నాక అది తీరే ఆశ కాదు. పొద్దున కొండ మీద గుడి, మధ్యాహ్నం రోదసి మ్యూజియం. గుడి మీ అక్క కోరిక. మ్యూజియం మనవరాలి కోరిక. దానికి పదేళ్ళు నిండాయి. మేం దాన్ని కందిరీగ అంటున్నాం ఇప్పుడు. ప్రశ్న వేసి ఊరుకోదు, జవాబు నచ్చకపోతే అక్కడే మళ్ళీ కుడుతుంది.

ఆ పిల్లకి ఉగ్గుపాలతో పాటు నా రింగు కథ కూడా పోశాను. గాజంత రింగు, రాకెట్టు ఇంజన్లో ఇంధనం వాల్వు మూసుకునే చోట కూర్చునేది, ముప్పై ఒక్క ఏళ్ళ కింద తొమ్మిది రోజులు కూర్చుని నేను చేసినది, పైకి వెళ్ళి ఇక తిరిగి రానిది. మేడ మీద కూర్చున్నప్పుడల్లా, తాతయ్యా నీ రింగు ఇప్పుడు ఏ వైపు తిరుగుతోంది అని అడిగేది. నేను ఏదో ఒక వైపు వేలు చూపించేవాణ్ణి. దిక్కు సంగతి నా కల్పనే గానీ రింగు సంగతి కాదు కదా, అందుకని ధైర్యంగానే చూపించేవాణ్ణి.

గుడిలో మీ అక్క ఒక పట్టాన కదల్లేదు. వరుసలో నిలబడి దణ్ణం పెట్టుకుంది. బయటికొచ్చి, మనసు నిలవలేదంటూ మళ్ళీ వరుసలో నిలబడింది. తర్వాత మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటే ముప్పావుగంట కదలదే. నాకు భయం వేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఒక కన్ను తెరిచి, బతికే ఉన్నాను వెళ్ళి కూర్చోండి అంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఇంత భక్తి ఎప్పుడూ చూడలేదు. వయసు కాబోలు అనుకున్నాను. మేం మ్యూజియం చేరేసరికి టికెట్ల కిటికీ మూయడానికి పది నిమిషాలుంది. కందిరీగ ముందే దిగి పరుగెత్తి వరుసలో నిలబడింది కాబట్టి సరిపోయింది.

మూడో గదిలో, అద్దాల పెట్టెలో, నల్లగుడ్డ మీద ఒక రింగు. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. లోపలి అంచున మూడు చుక్కలు. నేను చేసిన ప్రతిదానిమీదా పంచ్‌తో కొట్టే మూడు చుక్కలవి, నీకు చెప్పాలా. అసలుది చేసే ముందు చేయి కుదరడానికని నమూనా ఒకటి చేశాను చూడు, అదే అయి ఉంటుందనుకున్నాను. పోనీలే, అదైనా జనం చూస్తున్నారు అని సంతోషించబోతున్నాను. పక్కనున్న పలక కందిరీగ పైకి చదివింది. ఇంధన వాల్వు రింగు. చేతిపనితనానికి నమూనా. తయారు చేసినవారు అని, కింద ఇంటిపేరుతో సహా నీ పేరు. దాని పక్కన నీ ఫోటో. కోటు వేసుకుని నవ్వుతున్నావు.

పిల్ల నా వంక తిరిగి, "తాతయ్యా, ఇది చిన్న తాతయ్య చేశారని ఉంది" అంది. అంతే. ఇంటికొచ్చేదాకా వ్యానులో ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ రోజు నుంచి రింగు మాట ఎత్తలేదు, మేడ మీదికి రాలేదు. అబద్ధాలకోరు తాతని మొహం మీద అడగడానికి మొహమాటపడుతోంది. కందిరీగ కుట్టడం మానేస్తే ఎలా ఉంటుందో నాకు ఈ వారమే తెలిసింది.

ఇదంతా ఎలా జరిగిందో నేను అడగను. మ్యూజియంకి ఒక ఉత్తరం ముక్క రాసి ఆ పలక మార్పించు. పిల్లని తీసుకెళ్ళి చూపిస్తాను. అంతకు మించి నీ దగ్గర నాకేం వద్దు.

నీ బావ


మార్చి 16

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. మీ చేతిరాత ఇంకా లేత్ మీద తిప్పినట్టే ఉంది. ఇక్కడ అంతా కులాసా. నా షుగరు నా మాట వినడం లేదు, కోడలు నా మాట వింటోంది, కాబట్టి లెక్క సరి.

ఆ పలక సంగతి. మ్యూజియాల్లో ఇలాంటివి జరుగుతుంటాయి బావా. తొమ్మిదేళ్ళ కింద మన వర్క్‌షాపు పాత బీరువాలు ఖాళీ చేసినప్పుడు వాళ్ళు ఏదేదో పట్టుకెళ్ళారు. ఎవరో గుమాస్తా ఎక్కడో నా పేరు చూసి రాసేసి ఉంటాడు. ప్రారంభం రోజున పిలిస్తే వెళ్ళిన మాట నిజమే. ఆ కోటు కూడా నాది కాదు, పక్కింటాయనది, చేతులు పొట్టి. ఫోటోలో జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది.

మీరు బాధపడ్డారని నాకు నిద్ర పట్టలేదు. మీకు చెప్పకుండా నేనొక్కణ్ణే వెళ్ళి మర్యాదలు అందుకున్నానని మీ మనసు కష్టపడింది. నిజమే, మిమ్మల్ని కూడా పిలిపించి ఉండాల్సింది. అందుకని ఒక మాట అనుకున్నాను. పలక మీద మన ఇద్దరి పేర్లూ వేయిద్దాం. బావా బావమరుదుల పేర్లు పక్కపక్కన ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. తొందరేం లేదు, వాళ్ళకి నిదానంగా రాస్తాను. ఈలోగా మీరు అక్కడికి మళ్ళీ వెళ్ళి శ్రమపడకండి. పిల్లకి ఒక బొమ్మ రాకెట్టు కొనిపెట్టండి, మరిచిపోతుంది.

ఇంతకీ అక్క ఆ పెట్టె చూసిందా? చూసి ఏమైనా అందా? మిగతా విషయాలు రాయకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం రాయండి.

మీ ఆశీస్సులు కోరే,
బావమరిది


మార్చి 25

బావమరిదికి,

మీ అక్క ఏమందని అడిగావు. మోకాళ్ళు నొప్పులంది. ఆ గదిలోకి రాలేదు, గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది. నీ ఉత్తరం వచ్చిన రోజున బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుని నీతో అరగంట ఫోను మాట్లాడింది. వచ్చే నెల నా డెబ్బై రెండో పుట్టినరోజు కదా, అక్కాతమ్ముళ్ళు ఏదో గూడుపుఠాణీ చేస్తున్నారని నాకు అర్థమైంది. అలాంటివేం పెట్టుకోకండి. కొవ్వొత్తులు ఊదే ఊపిరి నాకు లేదు.

ఇద్దరి పేర్లూ వేయిస్తానన్నావు. ఎంత పెద్ద మనసోయ్. నా ఇంట్లో నన్ను కూడా ఉండనిస్తానన్నట్టుంది. నీ మర్యాదల్లో వాటా అడిగానా నేను? ఆ పూలగుత్తులూ, పొట్టిచేతుల కోటూ నువ్వే ఉంచుకో. చేసినవాడెవడో చెప్పమన్నాను.

నీ నిదానం నాకు తెలుసు కాబట్టి నేనే వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో నా పక్కన కూర్చున్నాయన వాచీలు బాగుచేసేవాడట. ఈ రోజుల్లో ఎవరూ వాచీ బాగుచేయించుకోవడం లేదని ఆయన, ఎవరూ చేత్తో మరచుట్టు కోయడం లేదని నేను, లోకాన్ని చక్కగా తిట్టుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయాం. వెనక్కి నడిచాను.

మూడో గది చూసుకునే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. చేతులకి తెల్ల తొడుగులు. ముందు నన్ను మతి తప్పినవాడి కింద జమకట్టింది, అది ఆమె తప్పు కాదు, అలాంటివాళ్ళు వారానికి ఇద్దరైనా వస్తారట. నేను వాదించలేదు. నా పెట్టెలోంచి తీసుకెళ్ళిన పంచ్ బల్ల మీద పెట్టి, ఒక సీసపు ముక్క మీద ఆమె ఎదురుగానే చుక్కలు కొట్టాను. మూడో చుక్క కొంచెం ఎడమకి ఒరుగుతుంది, ఆ పంచ్‌కి పుట్టుకతో వచ్చిన వంకర అది. ఆమె అద్దాల పెట్టె తెరిచి, రింగు బయటికి తీసి, భూతద్దం కింద రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి నాకు కుర్చీ వేసింది. అప్పటిదాకా నిలబడే ఉన్నాను.

కొత్త పలక రెండు వారాల్లో పెడతారట. ఈ రింగుకి తీగతో కట్టిన పాత చీటీ ఒకటి సామాన్ల గదిలో ఉందట, అది కూడా వెతికి, చదివి, వివరాలు పూర్తిగా రాస్తానంది. తప్పకుండా రాయమ్మా, ఒక్క అక్షరం వదలకు అన్నాను.

కందిరీగకి ఇంకా చెప్పలేదు. పన్నెండో తారీఖున తీసుకెళ్తాను. వీలైతే నువ్వూ రా. నీ పేరు తీసేసిన చోట నా పేరు ఎలా ఉందో చూసి, గేజి పెట్టి కొలుద్దువుగాని.

నీ బావ


మార్చి 30

బావా,

ఈ ఉత్తరం అందగానే ఆ అమ్మాయికి ఫోను చేయించండి. పలక మార్చొద్దని చెప్పండి. నా పేరే ఉండనివ్వండి. ఎందుకో కింద రాస్తున్నాను. నాలుగుసార్లు చించి రాశాను, ఇది ఐదోది.

అది నమూనా రింగు కాదు. నమూనా ఆ నెలలోనే కొలిమికి వెళ్ళిపోయింది. అద్దాల పెట్టెలో ఉన్నది మీరు తొమ్మిది రోజులు కూర్చుని చేసిన అసలు రింగు. అది పైకి వెళ్ళలేదు.

ఆ వారం అక్కకి ఆపరేషన్ అయింది, మీకు గుర్తుండే ఉంటుంది. మీరు ఆసుపత్రికీ లేత్‌కీ మధ్య తిరుగుతూ, కూర్చున్నచోటే కునుకు తీస్తూ ఆ రింగు పూర్తిచేశారు. నా బల్ల మీద పెట్టి మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తారు. కొలిచాను. లోపలి కొలత పావు వెంట్రుక మందం ఎక్కువ వచ్చింది. గేజి మార్చి కొలిచాను. అంతే వచ్చింది. ఆ ఏడాది మీకు అప్పటికే ఒక ఎర్రచీటీ పడింది. రెండోది పడితే రాకెట్టు పని నుంచి తీసేసి, గేట్లూ బోల్టులూ చేసే షెడ్డుకి పంపేవాళ్ళు.

పద్ధతి ప్రకారం గేజి మీ చేతికివ్వాలి. ఇవ్వడానికే జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాను. మీరు మందుల కోసం కిందికి వెళ్ళారు. అక్క నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. "రాకెట్టు పనిలోంచి తీసేస్తే ఈయన మనిషి కాకుండా పోతాడురా. చెప్పకు" అంది. చేతికి గొట్టం పెట్టి ఉంది బావా. ఆ చేత్తోనే నా చొక్కా పట్టుకుంది.

రెండో రింగు మౌని చేశాడు. మీ పక్క లేత్ మీద, ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేసే మౌనే. రెండు రోజుల్లో చేశాడు. దాని మీద మీ మూడు చుక్కలు పడాలి కదా, మీ పెట్టెలోంచి పంచ్ తీసి నేనే కొట్టాను. మీ రింగుకి ఎర్రచీటీ కట్టి, కొలిచేటప్పుడు నా చేతిలో పాడైందని నా పేరు రాసుకున్నాను. పెద్ద ఇన్‌స్పెక్టరు పదవి నాకు రెండేళ్ళు ఆలస్యమైంది. కారణం తెలియక అప్పుడు మీరే నన్ను ఓదార్చారు.

ఆ చీటీ మీద ఉన్నది ఒక్క పేరే. మ్యూజియం వాళ్ళు మిగతాది చదవకుండా అది చేసినవాడిదే అనుకున్నారు. పిలిచారు. కాదని చెబుదామనే వెళ్ళాను. వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరేళ్ళు తనిఖీ గదిలో కూర్చున్నవాడికి ఎవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు బావా. తర్వాత చెబుదామనుకున్నాను. తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు ఆ అమ్మాయి చీటీ చదివితే, మీ పేరుతో పాటు 'పనికిరాదు' అన్న మాట కూడా పలక మీద పడుతుంది. పిల్ల చదువుతుంది. అందుకని చెబుతున్నాను, నా పేరు ఉండనివ్వండి. మిమ్మల్ని కాపాడిన చేత్తో ఇంకొక్కసారి కాపాడనివ్వండి.

మీ
బావమరిది


ఏప్రిల్ 5

నీ ఉత్తరం చేరింది.

కాపాడానని రాశావు. ఎవరిని కాపాడావు? ఆ రోజు గేజి నా చేతికిచ్చి ఉంటే కొలుచుకుని, రింగు పక్కన పడేసి, ఇంకోటి చేసేవాణ్ణి. మౌనికి చాలిన రెండు రోజులు నాకు చాలవా? చాలకపోతే షెడ్డుకి వెళ్ళి గేట్లు చేసేవాణ్ణి. గేట్లు చేసేవాళ్ళు మనుషులు కారా? వర్క్‌షాపులో ఉన్న నూట నలభై మందిలో ప్రతివాడికీ తన తప్పు తన చేత్తో కొలుచుకునే మర్యాద ఇచ్చావు. ఆ రోజు నాకొక్కడికే ఇవ్వలేదు. రాకెట్టు పనిలో నేనింకా పదిహేడేళ్ళు ఉన్నాను. అందులో ఎన్ని పచ్చచీటీలు నా పనికి వచ్చాయో, ఎన్ని నా మీద జాలితో వచ్చాయో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది? చెప్పు. ఇప్పుడు దేన్ని కొలవమంటావు?

రాకెట్టు లేచిన రోజు మిషన్లన్నీ ఆపి రేడియో చుట్టూ చేరాం. అందరూ నాకు చేతులిచ్చారు. మౌని వచ్చి నా భుజం తట్టాడు. ఆయన ఎవరినీ తట్టడు కదా, ఎంత మంచివాడో అనుకున్నాను. తన రింగు పైకి వెళ్తుంటే వచ్చి నా భుజం తట్టాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్క మాట అడగడానికి లేకుండా పోయింది.

నా చుక్కలు ఇంకొకడి పని మీద కొట్టావు. అది రాసేటప్పుడు నీ కలం ఎక్కడా ఆగినట్టు లేదు.

మీ అక్కని అడిగాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "తెలుసు" అంది. మడతపెట్టడం ఆపలేదు. గుడిలో ఆ భక్తి సంగతి కూడా అడిగాను. టికెట్ల కిటికీ ఎప్పుడు మూస్తారో ముందే కనుక్కుందట. పుట్టినరోజు గూడుపుఠాణీ అనుకున్నాను నేను, బాల్కనీ తలుపు చూసి. నవ్వుకుని ఉంటారు.

ఆమె చెప్పొద్దన్నందుకు ఆమె మీద ఎంత కోపం ఉందో, ఆమె అన్నదని విన్నందుకు నీ మీద అంతకు రెట్టింపు ఉంది. ఆమె మంచం మీద ఉంది. నువ్వు తెల్లకోటులో ఉన్నావు.

మీ అక్క భర్త


ఏప్రిల్ 9

బావా,

అక్క ఫోను చేసింది. మీరు ముందుగదిలో పక్క వేసుకుంటున్నారట, మాటలు లేవట. నన్ను ఏమైనా అనండి. అక్కని వదిలేయండి, ఆమెకి ఒంట్లో బాగుండటం లేదు.

పిల్లకి మాత్రం నిజం చెప్పకండి. పదేళ్ళ పిల్లకి అంత బరువు ఎందుకు. నేను మీ రింగు దొంగిలించి పేరు రాయించుకున్నానని చెప్పండి. అడిగితే ఒప్పుకుంటాను, కాగితం మీద రాసి సంతకం పెట్టి కూడా పంపిస్తాను. దాని కళ్ళకి నేను దొంగనైనా ఫర్వాలేదు. మీ రింగు పైకి వెళ్ళిందనే అనుకోనివ్వండి.

మీ
బావమరిది


ఏప్రిల్ 13

బావమరిదికి,

ఇంకోసారి నా ఎర్రచీటీ మీద నీ పేరు రాసుకుంటానన్నావు. అలవాటైపోయింది నీకు. మనిషి తప్పు మనిషికి ఇవ్వకుండా దాచిపెట్టుకునే జబ్బు ఏదో ఉంది మీ ఇంట్లో. దానికి మందు లేదేమో.

నిన్న వెళ్ళాను. కందిరీగా, నేనూ, ఇద్దరమే. మీ అక్క చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. వద్దన్నాను. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

దారిలో బస్సులో పిల్లకి అంతా చెప్పాను. మెత్తగా చెబుదామనుకున్నాను గానీ నాకు మెత్తగా చెప్పడం రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. రెండు స్టాపులు దాటాక, "అయితే నువ్వు నాకు అబద్ధం చెప్పలేదా?" అని అడిగింది. లేదు, నాకు చెప్పారు, నేను నీకు చెప్పాను అన్నాను. "అమ్మమ్మకి తెలుసా?" అంది. తెలుసు అన్నాను. "మరి మేడ మీద నువ్వు నాకు చెబుతుంటే అమ్మమ్మ అక్కడే కూర్చునేది కదా" అంది. అవును, కూర్చునేది. ఆ పిల్ల కూడా మోసపోయిందని నాకు అప్పటిదాకా తట్టలేదు. నాకు జరిగిందే లెక్క వేసుకుంటూ వచ్చాను ఇన్ని రోజులూ.

తెల్ల తొడుగుల అమ్మాయి మా కోసం ఎదురుచూస్తోంది. చీటీ దొరికిందట, చదివిందట. నా మొహం చూడలేక పలక సంగతి తర్వాత మాట్లాడదాం అంది. ముందు కొలవనివ్వమని అడిగాను. పై అధికారి దగ్గరికి వెళ్ళి అనుమతి తెచ్చింది. నా గేజి తీసుకెళ్ళాను. రింగూ గేజీ ఒకే వేడికి రావాలి కదా, రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టి అరగంట కూర్చున్నాం. ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు, కందిరీగ ఆమెకి విడమరిచి చెప్పింది. నేను ఎప్పుడో చెప్పిందే.

తర్వాత నా చేత్తో నేను కొలిచాను. పావు వెంట్రుక ఎక్కువ. నువ్వు సరిగానే కొలిచావు. రింగు తిప్పి ఇంకోచోట కొలిచాను. అక్కడా అంతే. గుండ్రం మాత్రం తప్పలేదు, అన్ని వైపులా ఒకే పావు వెంట్రుక. గేజి పిల్ల చేతికిచ్చాను. అది కూడా కొలిచి, ముల్లు ఎక్కడ ఆగిందో నాకు చూపించింది.

పలక మీద ఏం రాయాలో నేనే చెప్పి రాయించాను. తయారు చేసినవారు అని నా పేరు. కొలతలో పావు వెంట్రుక తేడా రావడం వల్ల వాడలేదు అని ఒక వాక్యం. దీని స్థానంలో పైకి వెళ్ళిన రింగు తయారు చేసినవారు అని మౌని అసలు పేరు. ఆయన పూర్తి పేరు నాకు గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళు పక్క లేత్ మీద పనిచేసినవాడి పేరు కోసం పాత హాజరుపట్టీ తీయించాల్సి వచ్చింది. అది నా సిగ్గు, నీది కాదు. నీ ఫోటో తీసేయనా అని ఆ అమ్మాయి అడిగింది. ఉంచమన్నాను. దాని కింద తనిఖీ చేసినవారు అని రాయమన్నాను. చప్పట్ల సంగతి రాయమనలేదు.

ఇదంతా చదివి నేను చల్లబడ్డానని అనుకోకు. చల్లబడలేదు. నా పుట్టినరోజుకి రావద్దు. ఉత్తరం రాస్తే రాయి, చదువుతానని మాట ఇవ్వను. మీ అక్కతో ఇంట్లో నాలుగు మాటలు నడుస్తున్నాయి, గ్యాసు బండ వచ్చిందనీ, తలుపు వేయమనీ. అంతకంటే ప్రస్తుతానికి నా దగ్గర లేవు. నువ్వు ఫోను చేసినప్పుడు ఆమె బాల్కనీ తలుపు వేసుకోవడం లేదు ఇప్పుడు.

బావ

తా.క. పలక పని అయ్యాక పిల్ల పక్క గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ చంద్రుడి మీద మన బరువు ఎంత ఉంటుందో చూపించే కాటా ఒకటి ఉంది. అది ఎక్కింది. ఐదు కిలోలు వచ్చింది. దిగి, నన్ను ఎక్కమంది. మోకాళ్ళు పట్టేశాయంటే చేయి ఇచ్చింది. ఎక్కాను. పదకొండు వచ్చింది. మా వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారు, దిగిపోయాం.